ముట్టుకోకు!

మా ఇంట్లో నాకున్నది సాహిత్యాభిరుచి. మా ఆవిడకున్నది పుస్తకాల పిచ్చి. తేడా ఏమిటంటారా? నాకు అభిరుచి కలిగినప్పుడు పిల్లల్ని ఆవిడ పట్టుకుంటుంది. ఆవిడకు పిచ్చి లేచినప్పుడు పిల్లలు పడుకునేదాకా ఆగుతుంది.

బెజవాడ పుస్తకాల పండగ 1989 నుంచీ నడుస్తోంది. అది స్వరాజ్య మైదానంలో జరిగే రోజుల్లో నేను బ్రహ్మచారిని. మధ్యాహ్నం దూరితే, స్టాళ్ల మీద పరదాలు దించేదాకా బయటికొచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడింది. పండగ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియానికి మారింది. నేను ఇద్దరు పిల్లల తండ్రిగా మారాను. ఈ ముగ్గురిలో కుదురుగా ఉన్నది విగ్రహమొక్కటే.

ఈ జనవరిలో మా ఆవిడ ఓ చీటీ మడిచి నా చొక్కా జేబులో పెట్టింది. "ఒక్కటే పుస్తకం, మర్చిపోకండి. పిల్లల్ని మీరే తీసుకెళ్లండి. నేను కాసేపు నడుం వాలుస్తాను" అంది. ఆదివారం సాయంత్రం, ఐదేళ్ల పిల్ల, రెండున్నరేళ్ల పిల్లాడు, ఆటో. పుస్తకాలకని తీసుకెళ్లిన సంచీలో ఇంటి దగ్గరే డైపర్లు, నీళ్ల సీసా, బిస్కెట్లు, మార్చడానికి రెండు నిక్కర్లు చేరిపోయాయి.

గేటు ముందు బుడగలు, పీచుమిఠాయి, మిరపకాయ బజ్జీలు. మావాళ్ల దృష్టిలో పండగంటే ఇదే. లోపల ఉన్నదంతా నా మొండితనం.

పుస్తకం తిరగెయ్యడానికి రెండు చేతులు కావాలి. పిల్లలకు చెరొకటి. ఫోన్‌తో డబ్బులు కట్టడానికి ఇంకొకటి. ఇన్ని చేతులు మన దేవతలకు ఊరికే పెట్టలేదు, వాళ్లకూ సంసారాలున్నాయి. నేను ఓ కథల సంపుటి తీసి మొదటి వాక్యం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ రెండో వాక్యం దగ్గర "నాన్నా, ఉచ్చ" అని వినిపించింది. స్టాల్లో జనం తోసుకుంటున్నారు. నేను మాత్రం పుస్తకం మీద ఓ కన్ను, పిల్లాడి మీద ఓ కన్ను వేసి, రెండింటినీ సరిగ్గా చూడకుండా గంట గడిపాను.

ఆ గంటలో నా నోటి నుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట "ముట్టుకోకు". అట్టలు ముట్టుకోకు, రంగుల బొమ్మలు ముట్టుకోకు, ఐస్‌ఫ్రూట్ చేత్తో అసలే ముట్టుకోకు. అయినా మా అమ్మాయి ముట్టుకుంది. ఆ స్టాలాయన ఏమీ అనలేదు. పుస్తకం వైపు, పిల్ల వైపు, నా వైపు వరసగా చూశాడంతే. ఆ చూపుకి విలువ కట్టి, 10 శాతం తగ్గింపు పోను, నాటుకోళ్ల పెంపకం మీద ఓ పుస్తకం కొన్నాను. మాది మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు.

పాత పుస్తకాల దగ్గర మాత్రం నా గుండె ఆగినంత పనయింది. మాస్కో ప్రగతి ప్రచురణాలయం వాళ్ల తెలుగు బొమ్మల పుస్తకం! ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్లు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు మనకు తెలుగు చేసి పెట్టిన కాలం నాటిది. చిన్నప్పుడు ఇలాంటిదాన్నే అన్నంలో ముంచి, చింపి, అట్ట నమిలి చదివాను. అందుకే ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను. కుట్టు ఊడిపోయి, కాగితం పచ్చబడి, మంచు వాసన వస్తున్నట్టే ఉంది. ఎలుగుబంటి బొమ్మ చూసి మా అమ్మాయి చెయ్యి చాచింది. "నాకివ్వు నాన్నా." వెంటనే పైకెత్తేశాను. పిల్లల పుస్తకం కదా, పిల్లల చేతికి ఎలా ఇస్తాం?

కాళ్లు లాగుతుంటే సభ జరుగుతున్న చోట కుర్చీల్లో కూలబడ్డాం. మైకు ముందు ఒకాయన నేటి బాలలు పుస్తకం ముట్టుకోవడం లేదని వాపోతున్నారు. తల్లిదండ్రులదే తప్పన్నారు. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను, రెండు చేతులూ దొరికాయి కదా అని. అవి దొరికాయంటే పిల్లాడు దొరకడం లేదన్నమాట. తీరా చూస్తే వేదిక మెట్ల మీద కూర్చుని, అతిథులకిచ్చిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని తిరగేస్తున్నాడు, తలకిందులుగా. పరుగెత్తుకెళ్లి లాక్కున్నాను. వాడు ఏడుపు లంకించుకున్నాడు. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి, "కాస్త పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి, వినబడటం లేదు" అన్నారు. ఆ క్షణంలో వేదిక మీది నుంచి వస్తున్న మాట: "బాల్యానికి పుస్తకాన్ని దగ్గర చేద్దాం."

ఇల్లు చేరేసరికి పదయింది. పిల్లలు ఆటోలోనే నిద్రపోయారు. రష్యన్ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా పై అరలో పెట్టి తాళం వేశాను. పీచుమిఠాయి అంటుకున్న బట్టలన్నీ వాషింగ్ మెషిన్లో పడేశాను. అప్పుడు మా ఆవిడ లేచొచ్చి సంచీ విప్పింది. కోళ్ల పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "నా పుస్తకమేదీ?" అంది.

చీటీ చొక్కా జేబులో ఉంది. చొక్కా మెషిన్లో తిరుగుతోంది.