ఇంకా ఉంది

శామీర్‌పేటకు చలిగాలులు ఏటా కార్తీకం దాటగానే ఠంచనుగా వచ్చేస్తాయి. చెరువు మీంచి లేచి, కట్ట దిగి, రాజీవ్ రహదారి పక్కన టీ బండ్ల దగ్గర మఫ్లర్లు చుట్టుకున్నవాళ్ల చెవుల్లో దూరతాయి. అమెరికాలో, న్యూమెక్సికో రాష్ట్రంలో ఉండే ఫాంటసీ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ గారి చలిగాలులు మాత్రం 2011 నుంచి బయల్దేరుతూనే ఉన్నాయి.

ఆయన రాయాల్సిన ఆరో పుస్తకం పేరే ‘ది విండ్స్ ఆఫ్ వింటర్’. చలికాలపు గాలులు. ఐదోది 2011 జూలైలో వచ్చింది. అప్పుడు ఒకటో తరగతిలో పలక పట్టుకున్న కుర్రాడు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ, రాత్రి పదింటికి హాస్టల్ గోడ దాటొచ్చి, ఆ టీ బండి దగ్గర నిలబడి, ఆ పుస్తకం ఎందుకు రాలేదో తోటివాళ్లకు ఉపన్యాసం ఇస్తున్నాడు. మొదటి పుస్తకం 1996లో వచ్చింది, అంటే కుర్రాడికంటే కథే పెద్దది. ఇంట్లో మేనమామల పేర్లు సరిగ్గా చెప్పలేని పిల్లవాడు ఆ కథలోని లానిస్టర్ల వంశవృక్షం కొమ్మ తప్పకుండా అప్పజెబుతాడు.

నిజానికి ఇది మూడు పుస్తకాల్లో ముగించాలనుకున్న కథ. ఏడుకు పాకింది. కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా ఇల్లు కట్టినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. జీ ప్లస్ టూకి పర్మిషన్ తెచ్చుకోవడం, మేస్త్రి ఉత్సాహం చూసి మరో రెండు స్లాబులు వేయించడం, పై అంతస్తు దగ్గర డబ్బులో ఓపికో అయిపోయి సెంట్రింగ్ కర్రలు అలాగే వదిలేయడం ఇక్కడ మామూలే. మార్టిన్ గారి ఆరో అంతస్తుకు కర్రలు కట్టి పద్నాలుగేళ్లు దాటింది. 2022లో ఆయన చెప్పిన లెక్క ప్రకారం పదకొండు, పన్నెండు వందల పేజీలు అయ్యాయి. 2023లో అడిగితే పదకొండు వందలన్నారు. పేజీలు తగ్గుతున్న పుస్తకాన్ని ఎప్పటికి పూర్తి చేస్తారో తేల్చడానికి అభిమానులు గణితం వదిలి జ్యోతిషానికి దిగారు.

ఈలోగా టీవీవాళ్లు ఆగలేదు. 2011 ఏప్రిల్‌లో ఇదే కథను సీరియల్‌గా మొదలుపెట్టారు, పుస్తకాలను దాటేశారు, 2019 మేలో శుభం కార్డు వేసేశారు. పెళ్లి కాకుండానే బారసాల అయిపోయింది. ఆ ముగింపు నచ్చక తిట్టుకున్నవాళ్లంతా అసలు ముగింపు కోసం మళ్లీ మార్టిన్ గుమ్మం ముందు నిలబడ్డారు. ఆయనా తక్కువ తినలేదు. 2020లో న్యూజీలాండ్‌లో జరగాల్సిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు పుస్తకం చేతిలో లేకుండా వస్తే, వైట్ ఐలాండ్‌లో ఆమ్లం మరిగే సరస్సు పక్కన చిన్న గుడిసెలో బంధించి రాయించుకోండని 2019లో లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చారు. మన దగ్గర మొక్కుకునేవాళ్లు తల వెంట్రుకలు ఇస్తామంటారు, ఈయన ఏకంగా మనిషినే ఇచ్చేశారు. ఆ ఏడాది చివర్లోనే ఆ దీవిలో అగ్నిపర్వతం బద్దలైంది. మరుసటి ఏడాది కరోనా వచ్చి సభ ఆన్‌లైన్‌కు మారింది. పుస్తకం లేకపోయినా ఆయన అమెరికాలో కూర్చునే సభకు హాజరయ్యారు. వాయిదా వేయించుకోవడానికి ఇంతటి ప్రకృతి సహకారం మరే రచయితకూ దొరికి ఉండదు.

ఆయన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి రెండు ముక్కలు రాస్తే అభిమానులకు కడుపుమంట, ఆ సమయంలో ఒక పేజీ అయ్యేది కదా అని. ఇంకో పుస్తకానికి సంపాదకత్వం చేస్తే నమ్మకద్రోహం. 1948లో పుట్టిన మనిషి వయసును ఆయన డాక్టరుకంటే శ్రద్ధగా లెక్కపెట్టేవాళ్లు శామీర్‌పేటలోనూ ఉన్నారు. వీళ్లు ఆయన నూరేళ్లు బతకాలని కోరుకుంటారు, పుస్తకం అయ్యేదాకా.

అయితే తెలుగువాడు ఈ విషయంలో అమెరికావాడిని చూసి జాలిపడాలి గాని, వాడితో కలిసి ఏడవకూడదు. మన అనుభవం ముందు పద్నాలుగేళ్లు ఓ లెక్కా? రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు అడిగితే నన్నయ పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెట్టాడు. ఆదిపర్వం అయింది, సభాపర్వం అయింది, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం నడుస్తోంది. శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ వర్ణిస్తూ అక్కడ ఆగిపోయాడు. ఆయన శరత్తులో ఆగాడు, మార్టిన్ శీతాకాలంలో ఆగాడు. రుతువుల పేరెత్తిన చోట కథకుడికి చెయ్యి ఆడదేమో, పరిశోధకులెవరైనా చూడాలి.

ఆ తర్వాత? దాదాపు రెండు వందల ఏళ్లు ఏమీ లేదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కన గంటం పట్టాడు. పట్టినవాడు ఆగిన చోటి నుంచి మొదలుపెట్టాడా అంటే, లేదు. అరణ్యపర్వంలో మిగిలింది అలాగే వదిలేసి, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు పూర్తి చేశాడు. అరణ్యపర్వం ముట్టుకుంటే అరిష్టమని జడిశాడని ఓ కథ ఉంది. అసలు కారణం ఏదైనా, ఆనాటి పాఠకుడి అవస్థ ఊహించండి. విరాటరాజు కొలువులో భీముడు వంట చేస్తున్నాడు, కానీ అడవిలోంచి ఎలా బయటపడ్డాడో తెలుగులో తెలీదు. స్వర్గారోహణ దాకా అంతా అయిపోయింది, మధ్యలో మాత్రం గుంత. దాన్ని పూడ్చినవాడు పద్నాలుగో శతాబ్దపు ఎఱ్ఱన, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. పాండవుల అరణ్యవాసం వ్యాసుడి లెక్కలో పన్నెండేళ్లు, తెలుగు పాఠకుడి లెక్కలో సుమారు మూడు వందలు.

ఇక్కడ అభిమాన సంఘాలు చదువుకోవాల్సిన ముచ్చట ఇంకొకటి ఉంది. ఎఱ్ఱన తన భాగాన్ని తన రాజుకు అంకితమివ్వలేదు. ఎప్పుడో పోయిన రాజరాజ నరేంద్రుడికే, నన్నయ రాస్తున్నట్టుగానే ఇచ్చాడు. నడక కూడా నన్నయలా మొదలుపెట్టి మెల్లగా తిక్కన వైపు తిప్పాడని పండితులు చెబుతారు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకనంత నేర్పు. ఇవాళ సీక్వెల్ తీసేవాడు మొదటి భాగం డైరెక్టర్ పేరు పోస్టర్ మీద ఏ మూల వేస్తున్నాడో చూస్తే ఎఱ్ఱన విలువ తెలుస్తుంది.

అమెరికాలోనూ ఓ తిక్కన ఉన్నాడు. ‘వీల్ ఆఫ్ టైమ్’ రాస్తున్న రాబర్ట్ జోర్డాన్ 2007లో పోతే, బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయిత ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు ముందేసుకుని 2009, 2010, 2013లో మూడు పుస్తకాలు వేసి కథ ముగించాడు. నాలుగేళ్లు. మనవాళ్లకు మూడు శతాబ్దాలు పట్టిన పని. ఆ మాట అంటే మార్టిన్ అభిమానులు చెవులు మూసుకుంటారు, ఎందుకంటే శాండర్సన్ రావాలంటే ముందు ఏం జరగాలో వాళ్లకు తెలుసు. అదే బడిలో ఇంకో విద్యార్థి పాట్రిక్ రోత్‌ఫస్. రెండో పుస్తకం 2011లోనే ఇచ్చాడు, మూడోదాని ఊసు లేదు. ఆ ఏడాది ఫాంటసీవాళ్లకు ఏదో దిష్టి తగిలింది.

దిష్టి అంటే కొమర్రాజు లక్ష్మణరావు గారు గుర్తొస్తారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. మూడూ ‘అ’ అక్షరం మీదే. 1923లో ఆయన కన్నుమూసేనాటికి తెలుగువాడి విజ్ఞానం ఇంకా ‘ఆ’ దగ్గరికి చేరలేదు. ఇది వెక్కిరింపు కాదు. ఒక్క మనిషి అంత బరువు ఎత్తుకున్నాడంటే నోరు తెరుచుకుని చూడాల్సిందే. అయినా అప్పుడు ‘క్ష’ ఎప్పుడొస్తుందని ఎదురు చూసిన చందాదారు ఒకడైనా ఉండే ఉంటాడని తలచుకుంటే ఆ మనిషి మీద కూడా గౌరవం కలుగుతుంది.

ఇంతకీ ఎదురుచూపును ఇంటింటికీ అలవాటు చేసింది చందమామ. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం మాంత్రికుల్ని, రాకాసిలోయల్ని, పాతాళదుర్గాల్ని నెలకో వాయిదాగా వడ్డించారు. ఖడ్గం ఎత్తిన చోట, గుహ ద్వారం మూసుకున్న చోట ‘ఇంకా ఉంది’ అని పడేది. ఆ రెండు మాటలకు ఒక గడువుండేది, పై నెల. పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు వినిపించగానే అన్నకంటే ముందు చెల్లెలు వీధిలోకి పరుగెత్తేది. ఇందులో చిత్రం, ఆ పిల్లల్లో చాలామందికి రాసేదెవరో తెలీదు. సీరియల్ మీద రచయిత పేరు వేసేవారు కాదు. పేరు తెలియని మనిషి గడువు తప్పలేదు, పేరు ప్రపంచమంతా తెలిసిన మనిషికి గడువే లేదు.

ఆ ‘ఇంకా ఉంది’ తర్వాత వెండితెరకూ ఎక్కింది. 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ సినిమా మొదటి భాగం చివర కట్టప్ప బాహుబలికి కత్తి దింపాడు. ఎందుకో తెలియడానికి 2017 ఏప్రిల్ 28 దాకా, అంటే ఇరవై ఒక్క నెలలు పట్టింది. అన్నాళ్లూ దేశమంతా అదే ప్రశ్న. జవాబు చెప్పాక ఎవరికీ మళ్లీ అడగబుద్ధి కాలేదు. ప్రశ్న అంతటి సరుకు జవాబు కాదని రాజమౌళి కంటే ముందే వ్యాపారులకు తెలుసు.

మేడ్చల్ ప్లాట్ల వ్యాపారులకైతే మరీ బాగా తెలుసు. అసలైన తెలుగు ఫాంటసీ సాహిత్యం ఇప్పుడు వాళ్ల బ్రోచర్లలోనే వస్తోంది. నాలుగు రంగుల్లో గోపురం లాంటి గేటు, గేటు ముందు ఫౌంటెన్, ఫౌంటెన్ పక్కన దేశంలో ఎక్కడా కనిపించని జాతి కుటుంబం, కింద ‘మెట్రోకు ఐదు నిమిషాలు’. ఆ మెట్రో చరిత్ర కూడా సంపుటాలుగానే నడుస్తోంది. 2025 జనవరి 1న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు ప్రకటించారు. డీపీఆర్ తయారయ్యేసరికి మేడ్చల్ దారి కూడా జేబీఎస్ నుంచే మొదలై 24.5 కిలోమీటర్లయింది. మధ్యలో కథ కాస్త మారితే పాఠకుడు ఏమీ అనుకోకూడదు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఎలివేటెడ్ కారిడార్ సంగతి ఇంకా పాతది. రక్షణ శాఖ భూముల అనుమతి కోసం ఏళ్లు గడిచి, 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది.

ఐతే ఒక్క విషయంలో మేడ్చల్‌ను మెచ్చుకోవాలి. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల రెండో దశ మంజూరైంది 2012-13లో, మార్టిన్ ఐదో పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది. ఇద్దరూ దాదాపు ఒకే గీత మీంచి పరుగు మొదలుపెట్టారు. అంచనా వ్యయం 817 కోట్ల నుంచి 1,169 కోట్లకు పెరిగింది, మార్టిన్ పేజీలూ పెరిగాయి. బొల్లారం నుంచి మేడ్చల్‌కు ఉన్నది 14 కిలోమీటర్లు. 2023 ఏప్రిల్ 8న ప్రధాని సికింద్రాబాద్‌లో జెండా ఊపారు, రైలు మేడ్చల్ చేరింది. రైల్వేవాళ్ల చేతిలో ఓడిపోయిన రచయిత ప్రపంచ సాహిత్యంలో ఈయన ఒక్కడే అయి ఉంటాడు.

ఇదంతా టీ బండి అక్కకు తెలీదు. ఆమెకు తెలిసింది గ్లాసులు, పాలు, రాత్రి పదకొండింటికి వచ్చే పోలీసు బండి. రోజూ వింటోంది కాబట్టి ఓ రోజు అడిగేసింది.

“ఏంది తమ్మీ, గా కత ఏడ ఆగింది?”

కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది. జాన్ స్నో గురించి, మంచుగోడ గురించి, సొంత మనుషులే చుట్టుముట్టి కత్తులు దింపడం గురించి చేతులూపుతూ చెప్పాడు. ఆమె పాలగిన్నె కింద మంట తగ్గించి వింది.

“మరి సచ్చిండా, బతికిండా?”

“టీవీల బతికిండు అక్కా. పుస్తకంల ఇంకా తెల్వది.”

“టీవీల బతికినోడు పుస్తకంల ఎట్ల సస్తడు?”

ఈ ప్రశ్న మీద అభిమానులు ఇన్నేళ్లుగా వేల పేజీలు రాశారు. కుర్రాడు జవాబు వెతుక్కుంటున్నాడు. పక్కనున్న స్నేహితుడు మాట మార్చి, మెట్రో వస్తే ఇక్కడి నుంచి జేబీఎస్‌కు ఇరవై నిమిషాలేనన్నాడు.

“వస్తదంటవా?” ఆమె గ్లాసు కడుగుతూ అడిగింది.

“వస్తది అక్కా, ఎప్పుడో ఒకప్పుడు.”

“వస్తే రోడ్డు ఎడల్పు చేస్తరట. బండి తీసేయమంటరు. జర ఆలస్యంగనే రానియ్యి.” కడిగిన గ్లాసులు బోర్లించి, కుర్రాడి వైపు తిరిగింది. “నీ పుస్తకం వచ్చినంక గూడ నువ్వు ఈడికి చాయ్‌కి రావేమో. ఇంకోటి పోయనా?”

పొయ్యమన్నాడు.