మౌనవ్రత మాహాత్మ్యం

పిల్లల్ని పద్ధతిగా పెంచడంలో తెలుగు తల్లిదండ్రుల్ని మించినవాళ్ళు లేరు. టీవీలో నిరోధ్ ప్రకటన రాగానే రిమోట్ మీదికి దూకే ఆ చేతి చురుకుదనం ఏ క్రికెటర్‌కీ లేదు. పాపం, రోజంతా ఎంత శ్రమ! అది చూసే కాబోలు, 2017 డిసెంబరులో కేంద్రం ఆ ప్రకటనలు రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా మాత్రమే వెయ్యమని ఛానెళ్ళకు చెప్పింది. ఇక పగటిపూట పిల్లలు నిశ్చింతగా ఐటెం సాంగులు చూసుకోవచ్చు.

బడి మాత్రం తక్కువ తిందా? టెన్త్‌లో ప్రత్యుత్పత్తి పాఠం వస్తే మాస్టారు మందారపువ్వు నిలువుకోత బొమ్మను ఎంతో ఓపికగా వేస్తారు. కీలం, కీలాగ్రం, అండాశయం అన్నీ చెబుతారు. మనుషుల దాకా రాగానే, ‘మిగతాది ఇంటి దగ్గర చదువుకోండి’ అంటారు. ఇంట్లో ఎవరు చెబుతారో ఆయనకూ తెలుసు. 2005లో కేంద్రం కౌమార విద్య అని ఒకటి తెస్తే, రెండేళ్ళలో రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి తలుపులు మూశాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడిలో లైంగిక విద్య వద్దంది. దాని అధ్యక్షులు మన నెల్లూరు జిల్లా వెంకయ్యనాయుడుగారే. తెలుగువాడి కీర్తి ఢిల్లీలో అలా వెలిగింది.

అన్నిటికన్నా నాకు చేతులెత్తి మొక్కాలనిపించేది ఓణీల ఫంక్షన్‌కి. పిల్ల పెద్దమనిషైతే సెంటర్లో ఫ్లెక్సీ, ఫంక్షన్ హాలు, డ్రోను కెమెరా, వచ్చినవాళ్ళందరికీ బిర్యానీ. మేనమామల దగ్గర్నుంచి కేబుల్ కుర్రాడి దాకా అందరికీ కబురు అందుతుంది. అసలు తన ఒంట్లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పరు. ఊరంతా చాటింపు వేసి, తెలియాల్సిన ఒక్కరి దగ్గరే రహస్యం కాపాడటం సామాన్యమైన నిగ్రహమా!

అబ్బాయిలను అనాథల్లా వదిలేశామనే దిగులు అక్కర్లేదు. వాళ్ళకు సినిమా ఉంది. వద్దన్న అమ్మాయి వెంట ఇంటర్వెల్ దాకా పడితే క్లైమాక్స్‌కి ఒప్పుకుంటుందని యాభై దాటిన హీరోగారు కాలేజీ కుర్రాడి వేషంలో నేర్పుతారు. మిగతా సిలబస్ ఫోను చూసుకుంటుంది.

ఇంత కట్టుదిట్టంలోనూ పదిహేడేళ్ళ పిల్ల ఎవరినో ఇష్టపడి వెళ్ళిపోతే, 2012 నాటి పోక్సో చట్టం ఉండనే ఉంది. పద్దెనిమిది నిండనివాళ్ళ సమ్మతి చెల్లదు కాబట్టి కుర్రాడు జైలుకు. ‘దానికేం తెలుసు, పసిపిల్ల’ అని తండ్రి స్టేషన్లో కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అదే పసిపిల్లకు శ్రావణంలో ముహూర్తం పెట్టేటప్పుడు ఆ కన్నీళ్ళూ రావు, ఆ చట్టమూ గుర్తుకు రాదు. ఒంటి గురించి చెబితే చెడిపోయే వయసు, కాపురానికి పంపితే మాత్రం సరైన వయసు.

ఫలితాలు లెక్కల్లోనే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20–24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ అమ్మాయిల్లో అప్పటికే తల్లులో, గర్భిణులో అయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశం మొత్తం మీద అది 6.8 మాత్రమే.