కబుర్లు చేతకాని జాతి

జర్మన్లకు ఊసుపోక కబుర్లు చేతకావట. ఆ దేశానికి కొత్తగా వెళ్లేవాళ్ల కోసం రాసే సలహాల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది. జర్మన్లలోనూ చాలామంది దీన్ని బిరుదులా చెప్పుకుంటారు: విషయం ఉంటేనే నోరు విప్పుతాం, లేకుంటే లేదు. చిత్రమేమిటంటే, జర్మనీ ఉద్యోగం కోసం హైదరాబాదులో భాష నేర్చుకునే నర్సులకు ఈ హెచ్చరికతోపాటు వాతావరణం మీద ఒక పాఠం కూడా ఉంటుంది. ఎండగా ఉంది, గాలి వీస్తోంది, రేపు మంచు పడుతుంది. అంటే, కబుర్లాడని వాళ్లతో ఆడవలసిన కబుర్లకు ముందే శిక్షణ అన్నమాట.

ఈ మౌనవ్రతుల క్యాలెండరు తిరగేస్తే వ్రతం ఎంత నిష్ఠగా సాగుతోందో తెలుస్తుంది. మే 11 నుంచి 15 దాకా 'మంచు పునీతుల' రోజులు. చివరి రోజు 'చలి సోఫీ'ది. ఆవిడ సాగిపోయేదాకా టమాటా నారు ఆరుబయట నాటకూడదని తోటలున్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇద్దరికీ ముందే తెలిసిన సంగతే, అయినా చెప్పుకోవాలి. జూన్ 27న 'ఏడుగురు నిద్రమొహాల' రోజు. ఆ రోజు వాన పడితే ఏడు వారాలు తప్పదని నానుడి. 1582లో పోపు గ్రెగరీ క్యాలెండరును సరిదిద్ది పది రోజులు ఎగరగొట్టాడు కాబట్టి, పాత లెక్కన ఆ రోజు జులై మొదటి వారంలోకి జరగాలి. సామెత మాత్రం కదల్లేదు. ఇది చాలదన్నట్టు, బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ 1954 నుంచి అల్పపీడనాలకూ అధికపీడనాలకూ మనుషుల పేర్లు పెడుతోంది. 2002 నుంచి డబ్బు కడితే మీకు నచ్చిన పేరే పెడతారు. అధికపీడనం పటం మీద ఎక్కువ రోజులు నిలుస్తుంది కనుక దాని రేటు ఎక్కువ. అత్తగారి పేరు పెట్టిన తుపాను గాలి గురించి పదిమందితో చెప్పుకోవడానికి రుసుం కట్టే దేశాన్ని మితభాషి అనడానికి గుండె ధైర్యం కావాలి.

ఇవి కబుర్లు కావు, సమాచారం అంటారేమో. నిజమే, జూన్ చివర, జులై మొదట్లో స్థిరపడిన గాలుల తీరు కొన్ని వారాలు కొనసాగడం దక్షిణ జర్మనీలో తరచూ జరిగేదే. కానీ సమాచారం అవసరమైన చోట మాటకున్న బలం ఎంతో 2021 జులైలో తేలింది. భారీ వానల హెచ్చరికలు ముందే వచ్చాయి. అయినా పశ్చిమ జర్మనీలోని ఆర్ లోయలో వరద ముంచెత్తేలోగా చాలామందిని ఖాళీ చేయించలేకపోయారు. దేశం మొత్తమ్మీద 180 మందికి పైగా చనిపోయారు. లిఫ్టులో వానను తిట్టుకోవడానికీ, వానను పట్టించుకోవడానికీ అంత దూరం. మనకు మాత్రం కార్తెలు లేవా, రోహిణిలో రోళ్లు పగులుతాయని మనం అనుకోమా అనీ అడగవచ్చు. అనుకుంటాం, రోజూ అనుకుంటాం. కాకపోతే కబుర్లంటే గిట్టని జాతి మాదని ఎక్కడా చాటుకోం.

వానను తిట్టుకుంటూ ఇద్దరు అపరిచితులు దగ్గరవడంలో తప్పేమీ లేదు. తప్పంతా కబుర్లాడుతూనే ఆడటం లేదనడంలో ఉంది. దాని ఖర్చు పడేది కొత్తగా వచ్చినవాడి మీద. మౌనమే ఇక్కడి మర్యాదని నమ్మి వాడు మెట్ల మీద మూగనోము పడతాడు. చుట్టుపక్కలవాళ్లేమో, మనలో కలవడు అని తీర్పు రాసేస్తారు. చేతకాదన్న ఆ గొప్ప మానేసి, వచ్చిన మే నెలలోనే సోఫీని పరిచయం చేస్తే సగం ఇంటిగ్రేషన్ అక్కడే, ఏ ప్రభుత్వ కోర్సూ లేకుండా పూర్తవుతుంది.