నిష్ఠ బాబాయ్

మాడుగులలో వయసు దాచుకోవడం కుదిరే పని కాదు. ఎవరు ఏ తుపానుకు పుట్టారో, ఎవరు ఎవరితో కలిసి పదో తరగతి తప్పారో ఊరందరికీ నోటికొచ్చు. అలాంటి ఊళ్ళో అరవై రెండేళ్ళ నిష్ఠ బాబాయ్ నుదుటి మీద గీతలన్నీ పదిహేను రోజుల్లో మాయమైపోయాయి.

ఈ బాబాయ్ ఒక్కడే అనుకోకండి. చోడవరంలో ఉన్నాడు, అనకాపల్లిలో ఉన్నాడు, హైదరాబాదులోనైతే వీధికొకడు. రోడ్డు పక్క పొలం అమ్మిన డబ్బు, అమెరికాలో కొడుకు, ఇంట్లో దగ్గర పడుతున్న పెళ్ళి, దాన్ని పైనుంచి తీసే డ్రోన్ కెమెరా... ఈ నాలుగూ ఒకచోట కలిస్తే నిష్ఠ బాబాయ్ పుడతాడు.

"ఏం బాబాయ్, ఇంత నున్నగా ఎలా అయ్యింది?" అని అడిగితే చాలు, టీ చల్లారిపోయేదాకా వదలడు.

"తెల్లారి నాలుక్కి లేవడంరా. చోడంబలి. తిప్పతీగ కషాయం. ముఖ్యంగా హల్వా మానీడం."

మాడుగులలో నిలబడి హల్వా మానమనడానికి గుండె ధైర్యం కావాలి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పాకంలో నెయ్యి పోస్తూ చేతులు పడిపోయేలా కలిపితే వచ్చే ఆ ముక్క వల్లే కదా బయటివాళ్ళకి మన ఊరి పేరు తెలిసింది! బాబాయ్ లెక్కలో మాత్రం ముడతలన్నిటికీ మూలం అదే.

అసలు మూలం విశాఖపట్నంలో ఉంది. మూడు నాలుగు నెలలకోసారి 'బీపీ చూపించుకోవడానికి' బాబాయ్ అక్కడికి వెళతాడు. బీపీ మిషను మాడుగులలోనూ ఉంది. లేనిది బొటాక్స్ సూది. పాడైన ఆహారంలో పెరిగి మనిషి ప్రాణం తీయగల బాక్టీరియా ఒకటుంది. అది తయారుచేసే బొటులినమ్ అనే విషాన్నే అతి కొద్ది మోతాదులో కండరంలోకి ఎక్కిస్తారు. నరం పంపే కబురు కండరానికి అందదు. కబురు అందని కండరం ముడుచుకోదు, దాని మీది చర్మమూ ముడత పడదు. కొద్ది రోజుల్లో పని మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపిస్తుంది. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకి రీఛార్జి అయిపోతుంది.

దీని పుట్టుక కూడా అందం కోసం కాదు. మొదట మెల్లకన్నుకీ, రెప్పలు అదిరే జబ్బుకీ వాడేవారు. 1987లో కెనడాలోని వాంకూవర్‌లో కంటి డాక్టరు జీన్ కారుథర్స్ రెప్పల జబ్బుకి ఈ సూది వేస్తుంటే, కనుబొమ్మల మధ్య గీతలు కూడా పోతున్నాయని ఒక రోగి గమనించింది. జీన్ భర్త అలస్టేర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి దాని సంగతి తేల్చారు. ఆ గీతలకు అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 2002లో. అంబలికీ తిప్పతీగకీ ఈ కథలో ఎక్కడా వేషం లేదు.

సూది పడిన రోజు బాబాయ్‌ని బస్సులో చూడాలి. కొన్ని గంటలు పడుకోవద్దు, నుదురు రుద్దొద్దు అని డాక్టరు చెప్పి ఉంటాడు. సబ్బవరం దాటినా, చోడవరం దాటినా నిటారుగా కూర్చునే ఉంటాడు. చెమట కారుతున్నా తుడుచుకోడు. బస్సు దిగాక గుడిలో మోదకొండమ్మ తల్లికి కూడా నిలబడే దండం.

ఇబ్బందల్లా పిన్నిది. "నలభై ఏళ్ళూ కనుబొమ్మ చూసి కూరలో ఉప్పెక్కువైందని తెలుసుకునేదాన్ని. ఇప్పుడు నోరు తెరిచి అడగాల్సొస్తంది" అని వాపోతుంది. పరామర్శకు వెళ్ళినా బాబాయ్ నోరు ఒక్కటే "అయ్యో" అంటుంది, నుదురు కలిసి రాదు.

పాపం, అసలు నష్టపోయింది పక్కింటాయన. బాబాయ్ మాట నమ్మి ఆరు నెలలు చోడంబలి మీదే బతికాడు. బరువు తగ్గింది, బుగ్గలు లోపలికి పోయాయి, ఉన్న ముడతలకి మరో రెండు తోడయ్యాయి. "నిష్ఠ చాల్లేదు" అని తేల్చేశాడు బాబాయ్.

మొన్న పెళ్ళి పందిట్లో ఓ ముసలమ్మ బాబాయ్‌ని ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, నీ నిష్ఠ నుదుటి మీదే పన్జేసిందేటి? మెడకి సెప్పలేదా?" అంది. పందిరంతా నవ్వింది. బాబాయ్‌కి కోపమొచ్చిందో లేదో మొహం చూసి ఎవరూ చెప్పలేకపోయారు.

సూది వేయించుకోవడం నేరమేమీ కాదు. జుట్టుకి రంగేస్తున్నాం, పళ్ళు కట్టించుకుంటున్నాం. వేయించుకునేవాళ్ళు అర్హత ఉన్న చర్మ వైద్యుల దగ్గరికే వెళ్ళండి. తగ్గింపు ధర బోర్డు చూసి పార్లరులో తల అప్పగించకండి. చోటు తప్పితే కనురెప్ప వాలిపోయి కొన్ని వారాలు అలాగే ఉండిపోవచ్చు. గర్భిణులూ, నరాల కండరాల జబ్బున్నవారూ దాని జోలికి పోకూడదు. తప్పు సూదిలో లేదు, డబ్బుతో కొన్నదాన్ని తపస్సుతో సాధించానని చెప్పుకోవడంలో ఉంది. "వేయించుకున్నానురా" అని బాబాయ్ ఒక్క మాట అనేస్తే చాలు, పక్కింటాయన ఈ పూటే అంబలి మానేసి హల్వా కొట్టుకి బయల్దేరతాడు.