మా ద్రాక్షారామం

ఆయన సొంతూరు కడియం. అయినా ఇక్కడ కాలిఫోర్నియా బే ఏరియాలో మేమంతా ఆయన్ని ద్రాక్షారామం అంటాం, వెనకాల. ఎదురుపడితే గురువుగారూ అంటాం. శనివారం శనివారం భోజనానికి పిలిచేది ఆయన, వండేది వదినగారు. ఆవిడ గోంగూర మాంసం పెడతానంటే గురువుగారనడమేమిటి, పాదపూజకైనా మేం సిద్ధమే.

తాగుబోతేమో అనుకునేరు. సాయంత్రం మొత్తానికి ఒక్క గ్లాసు వైన్ దాటడు. ఆ ఒక్కటైనా తాగుతాడా అంటే అదీ అనుమానమే. గుండ్రంగా తిప్పుతాడు, వాల్చి చూస్తాడు, దీపానికి ఎత్తి పడతాడు, ముక్కు లోపలికంటా దూర్చి ధ్యానంలోకి వెళ్ళిపోతాడు. ఆయన కళ్ళు తెరిచేదాకా మేం అన్నంలో చెయ్యి పెట్టకూడదు.

ఈ దీక్షకి మూలం ఒక కంపెనీ విందు. మేనేజరు వైన్ల జాబితా ఆయన చేతిలో పెట్టి "నువ్వే చెప్పు" అన్నాడట. తోలు అట్ట, లోపల పేజీల కొద్దీ పేర్లు, ఒక్కదానికీ నోరు తిరగదు. అన్నిటికన్నా చవకది చెబితే పరువు పోతుందని దాని పైదాని మీద వేలు పెట్టాడు. (మనలాంటివాళ్ళు ఆ రెండోదాని మీదే వేలు పెడతారని హోటళ్ళవాళ్ళకి తెలియదనుకోవడం మన అమాయకత్వం.) మేనేజరు ఒక గుక్క తాగి "ఊఁ" అన్నాడు. ఆ ఊఁకారంతో మావాడు శిఖ విప్పాడు.

తెలుగువాడికి అవమానం జరిగితే ఏం చేస్తాడు? కోచింగులో చేరతాడు. లండన్‌లో 1969లో మొదలైన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ అనే సంస్థ ఉంది. వాళ్ళ రెండో స్థాయి పరీక్షకి 50 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదానికి టిక్కు పెట్టాలి. ఎంసెట్ రాసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? బోర్డో, బుర్గండీ ఊళ్ళ పేర్లు బాత్రూం అద్దానికి అంటించుకుని, పళ్ళు తోముకుంటూ వల్లెవేసి పాసైపోయాడు. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు హాల్లో, పిల్లాడి స్పెల్లింగ్ బీ షీల్డుకి ఒక జానెడు పైన వేలాడుతోంది.

వాసనల సంగతి వేరే చెప్పాలి. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ అనే ఆచార్యురాలు 1984లో వైన్‌లో తగిలే వాసనలన్నిటినీ ఒక చక్రంగా గీసిపెట్టారు. పళ్ళు, పూలు, కోసిన గడ్డి, మట్టి, ఆఖరికి కిరోసిన్ కూడా అందులో ఉంది. అది మావాడికి కంఠతా వచ్చు. సీసా మూత తియ్యడం తరవాయి "బ్లాక్‌కరెంట్... బ్లాక్‌బెర్రీ..." అని అష్టోత్తరం మొదలెడతాడు. ఆ పళ్ళు ఆయన చిన్నప్పుడు తిననూ లేదు, ఇప్పుడు కొననూ లేదు. ఒక్కసారి మాత్రం పరధ్యానంగా ముక్కు పెట్టి "నేరేడుపండు!" అని కేకేశాడు. మేం కూడా వాసన చూశాం. నిజంగానే నేరేడుపండు! అన్నాళ్ళకి మాకొక వైన్ అర్థమైంది. ఈలోగా ఆయన నాలిక కరుచుకుని "అంటే, బ్లాక్‌కరెంట్" అని దిద్దుకున్నాడు. నేరేడు ఆ చక్రంలో లేదు. సిలబస్‌లో లేనిది రాస్తే మార్కులు పోవూ?

అసలు యుద్ధం విస్తరి దగ్గర. ఫ్రెంచివాడి భోజనంలో ఒకటి తినేసి ప్లేటు తీసేశాక ఇంకోటి వస్తుంది, దానికో వైన్, దీనికో వైన్. మనకి పప్పు, కూర, పులుసు, పచ్చడి అన్నీ ఒక్కసారే ఎదురుగా కూర్చుంటాయి. పైగా మన రుచులకి వైన్ అంటే బొత్తిగా మర్యాద లేదు. కూర వైన్ కన్నా పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. గోంగూర ముందు ఎంతటి సీసా అయినా నీళ్ళే. కారం మీద ఆల్కహాలు పడితే మంట రెచ్చిపోతుంది. ఎర్ర వైన్‌లో ఉండే వగరు ఆవకాయని కలిసిందా, నోరు నోరులా ఉండదు. ఇవన్నీ పుస్తకంలో ఉన్న సంగతులే. మావాడు మాత్రం ప్రతి శనివారం మా నాలికల మీద మళ్ళీ రుజువు చేసేవాడు.

చివరికి పుస్తకం మాటే విని, కాస్త తియ్యగా, ఆల్కహాలు తక్కువగా ఉండే జర్మనీ రీస్లింగ్ చల్లబరిచి పోశాడు. ఒప్పుకోవాలి, కోడి వేపుడుతో బాగుంది. రొయ్యల ఇగురుతో ఇంకా బాగుంది. పొగిడాం కూడా. ఆ పొగడ్తకి ఫలితంగా ఆ రీస్లింగ్ పుట్టిన మోసెల్ లోయ, అక్కడి పలకరాళ్ళ కొండలు, వాటి వాలు గురించి ముప్పావుగంట విన్నాం. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఆయనే గ్లాసు పక్కకి జరిపి, మాగాయ టెంక చప్పరిస్తూ కళ్ళు మూసుకున్నాడు. ఏ పినో నువార్‌కీ ఆయన కళ్ళు అలా మూతపడగా మేం చూడలేదు. "ఏవండీ, దీనికేది జోడీ?" అని వదినగారు అడిగితే వినపడనట్టు ఊరుకున్నాడు.

హోటలుకి తీసుకెళ్ళినా సీసా ఇంటినుంచే. కాలిఫోర్నియాలో చాలా హోటళ్ళు కార్కేజీ అని కొంత రుసుము పుచ్చుకుని మన సీసా మనల్ని తాగనిస్తాయి. ఒకసారి బిర్యానీ హోటలుకి ఫోన్ చేసి "మీ దగ్గర కార్కేజీ ఎంతండీ?" అని అడిగాడు. "కార్ పార్కింగ్ ఫ్రీయే సార్, వచ్చెయ్యండి" అన్నాడు అవతలి కుర్రాడు. వెళ్ళాక అతగాడు స్టీలు గ్లాసులు తెచ్చి పెట్టాడు. మావాడు చలించలేదు. తన గ్లాసులో తనే రెండు చుక్కలు పోసుకుని, తనే రుచి చూసి, తనకి తనే తలాడించాడు. ఆ తొలి గుక్క నచ్చిందో లేదో చెప్పడానికి కాదనీ, బిరడా మూలంగా ముక్కిన వాసన పట్టిందేమో చూడడానికనీ ఆ కుర్రాడికి చెబుతుంటే బిర్యానీ చల్లారిపోయింది. కుర్రాడు ఓపిగ్గా విని "రైతా ఇంకొంచెం తెమ్మంటారా సార్?" అన్నాడు.

ఒకసారి మాకూ దుర్బుద్ధి పుట్టింది. ట్రేడర్ జోస్ అనే కిరాణా కొట్లలో 2002లో రెండు డాలర్లకి ఒక్క సెంటు తక్కువకి వచ్చిన చార్లెస్ షా వైన్ ఉంది చూశారూ, దాన్ని ఖరీదైన గాజుకూజాలో పోసి ఆయన ముందు పెట్టాం. బ్లాక్‌కరెంట్ అంటాడు, నవ్వుదామని కాచుకుని కూర్చున్నాం. ఆయన ఇలా వాసన చూసి అలా "చార్లెస్ షా" అనేశాడు. తిప్పనూ లేదు, కళ్ళు మూయనూ లేదు. మేం నిర్ఘాంతపోయి నిజంగానే కాళ్ళకి దణ్ణం పెట్టబోతుంటే వదినగారు వంటింట్లోంచి "తెలియదుటండీ మరి? గరాజ్‌లో పెట్టెలకి పెట్టెలున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా అదే కదా" అన్నారు.

మొన్న వేసవిలో ఆయన నాన్నగారు వచ్చారు. కడియంలో నర్సరీ పెద్దాయన, జీవితంలో చుక్క ముట్టలేదు. కొడుకు ఆయన్ని నేపా ద్రాక్షతోటలకి తీసుకెళ్ళాడు, మమ్మల్నీ ఎక్కించుకున్నాడు. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి పోటీ పెడితే ఫ్రెంచి జడ్జీలే కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానం ఇచ్చిన కథ, మనవాళ్ళు 1983 ప్రపంచ కప్పు చెప్పుకున్నట్టు, దారి పొడుగునా చెప్పాడు. తీరా అక్కడ అందరూ వైన్ పుక్కిలించి బకెట్లో ఉమ్మడం చూసి పెద్దాయన "డబ్బులిచ్చి మరీ ఉమ్ముతున్నారేంట్రా?" అని బయటికి నడిచారు.

తోటలో ఒక మొదలు దగ్గర వంగి కూర్చుని "ఇది అంటు కట్టిన మొక్కేనా, కనుక్కో" అన్నారు. తోట చూపించే అమ్మాయి మొహం విప్పారింది. ఫిలాక్సెరా అనే పురుగు అమెరికా నుంచి వెళ్ళి 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్ష వేళ్ళు పీల్చేయడం, ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మ కట్టి తోటలు నిలబెట్టుకోవడం, 1980లలో నేపాలోనే నమ్ముకున్న వేరు రకం ఒకటి మోసం చేస్తే తోటలు పీకి మళ్ళీ నాటడం, అన్నీ చెప్పింది. పెద్దాయన కన్ను ఎక్కడ కోస్తారు, కట్టు ఎన్నాళ్ళుంచుతారు అని అడగడం, ఆవిడ కత్తి తెచ్చి చూపించడం, మామిడికి తామెలా కడతారో ఈయన చూపించడం. మధ్యలో మా ద్రాక్షారామం చెమటలు కక్కుతూ అటు తెలుగూ ఇటు ఇంగ్లీషూ. ఎంతసేపైనా ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు. వచ్చేటప్పుడు ఆ అమ్మాయి పెద్దాయనకి ఒక సీసా ఊరికే ఇచ్చింది.

అప్పట్నుంచి మావాడు వాసనలు మానేశాడు. గ్లాసు చేతికివ్వగానే "దీని వేరు ఏ రకమో చెప్పుకోండి చూద్దాం" అంటున్నాడు. పెరట్లో నిమ్మచెట్టుకి ఇప్పుడు మూడు ప్లాస్టిక్ కట్లు వేలాడుతున్నాయి. మూడూ ఎండిపోయాయి. వీడియో కాల్‌లో పెద్దాయన వాటిని చూసి, చాలాసేపు ఆలోచించి, "ఒరేయ్, నువ్వు తాగడమే నేర్చుకోరా" అన్నారట.