జూలియన్‌కు ప్రమోషన్ ఖాయం

సర్వీసంతా ట్రెజరీలో చేసినవాణ్ణి. నాకు ఇంగ్లీషు రాదంటే ఊరుకోను. ‘విత్ రెఫరెన్స్ టు ద లెటర్ సైటెడ్’ దగ్గర్నుంచి ‘ఫర్ నెసెసరీ యాక్షన్’ దాకా నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. అలాంటివాణ్ణి అమెరికాలో, ఎడిసన్‌లో ఐదో క్లాసు చదివే మనవరాలు అమ్మలు ఓ పిల్లల నవల ముందు కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించింది.

నవల పేరు ‘వండర్’. ఆర్.జె. పలాసియో రాసింది, 2012లో వచ్చింది. అగస్ట్ అని పదేళ్ల కుర్రాడు. పుట్టుకతోనే మొహం తీరు వేరు. అప్పటిదాకా చదువంతా ఇంట్లోనే. ఐదో క్లాసుకు న్యూయార్కులో బడికి పంపుతారు. అక్కడ పిల్లలు ఓ ఆట కనిపెడతారు. పొరపాట్న వాణ్ణి తాకితే ముప్పై సెకన్లలో చేతులు కడుక్కోవాలి, లేదంటే ‘ప్లేగు’ అంటుకున్నట్టే. అంటూ ముట్టూ మన సొంత సరుకనుకునేవాణ్ణి. వాళ్లకూ బానే తయారైంది.

తెలియని మాటలకు అమ్మలు నాచేత నోట్సు పెట్టించింది. అందులో చేరినవన్నీ తిట్లే. ‘ఫ్రీక్’, ‘గ్రాస్’, ‘ఆర్క్’. ఈ చివరిది అర్థం కావాలంటే ముందు టోల్కీన్ రాసిన లావుపాటి పుస్తకాలు చదవాలట! ఒక తిట్టు కోసం అంత ఖర్చు ఏ ఆడిటూ ఒప్పుకోదు.

హెడ్మాస్టరు పేరు టష్‌మన్. ఆ పేరు తలుచుకుని అగస్ట్ ఇంట్లో అందరూ పడీపడీ నవ్వుతారు. నేను పెన్షన్ కాగితం చూసినట్టు చూసి పేజీ తిప్పాను.

“తాతయ్యా, నవ్వలేదేం?”

“ఎందుకు నవ్వాలి?”

“టష్ అంటే...” అని పిల్ల తను కూర్చునే భాగం చూపించింది. వెనక్కి తిప్పి, మళ్లీ చదివి, బకాయిలతో సహా నవ్వాను.

అగస్ట్‌ను ఏడిపించే క్లాసుమేటు జూలియన్‌ను అర్థం చేసుకోవడానికి మాత్రం ఏ డిక్షనరీ అక్కర్లేకపోయింది. పెద్దవాళ్ల ముందు వాడంత వినయవంతుడు ఉండడు. వాళ్లు అటు తిరిగితే చాలు, నోరు విప్పుతాడు. మా ఆఫీసులో చేరి ఉంటే వాడికి సూపరింటెండెంటుగా ప్రమోషన్ ఖాయం. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు కూడా బ్రహ్మాండంగా వచ్చేది.

ఆ బడిలో బ్రౌన్ సారు నెలకో నీతివాక్యం ‘ప్రిసెప్ట్’ అని బోర్డు మీద రాస్తాడు. అమ్మలు అర్థం చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. ‘ఎగ్జాంపుల్ ఈజ్ బెటర్ దాన్ ప్రిసెప్ట్’ మీద వ్యాసం బట్టీ కొట్టిన తరం మాది! పుస్తకం మొత్తంలో నేను తలెత్తుకున్నది ఆ ఒక్క మాట దగ్గరే.

నవల అయ్యాక అడిగింది. “మీ బడిలో బుల్లీయింగ్ ఉండేదా తాతయ్యా?”

“పిల్లలకు ఆ అవకాశం మాస్టార్లు ఇచ్చేవారు కాదమ్మలూ. అంతా వాళ్లే చూసుకునేవారు.”

లెక్కల మాస్టారు నాకు పెట్టిన ‘సోడాబుడ్డి’ పేరు ఊళ్లో ఇప్పటికీ చెలామణిలో ఉంది. అసలు పేరు చెబితే ఇల్లు చూపించేవాడుండడు. తొడపాశం, గుంజిళ్లు, గోడకుర్చీ అని వరసగా చెబుతుంటే ఈసారి నోట్సు తను రాసుకుంటోంది. గోడకుర్చీ దగ్గర పెన్సిలు ఆగింది.

“అది ఐకియాలో దొరుకుతుందా?”