ఈ పెట్టె పేరు మోక్సీ

తన కథే అయినా 'నేను' అనడం ఈ పెట్టెకు అలవాటు లేదు. పుట్టిల్లు కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ, మెట్టినిల్లు అంగారకుడు. బరువు 17 కిలోలు. ఒంటికి బంగారు పూత ఉంది గానీ అది సోకు కోసం కాదు. లోపలి వేడి బయటికి పొక్కి ఇరుగుపొరుగు పరికరాలను పాడుచేయకుండా పూశారు.

పెంచిన శాస్త్రవేత్తల్లో పెద్ద మైకేల్ హెక్ట్. ఆయన పక్కన జెఫ్రీ హాఫ్‌మన్. 1993లో అంతరిక్షంలోకి వెళ్లి హబుల్ టెలిస్కోపుకు మరమ్మతు చేసి వచ్చిన వ్యోమగామి ఈయన. ఇద్దరూ ఈ పెట్టెకు అప్పజెప్పింది ఒక్కటే పని: అంగారకుడి గాలి నుంచి మనిషి పీల్చే ఆక్సిజన్ తీయాలి.

2020 జులై 30న పెర్సెవరెన్స్ రోవర్ పొట్టలో కూర్చుని బయలుదేరింది. 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగింది.

అక్కడి గాలిలో దాదాపు 95 శాతం కార్బన్ డయాక్సైడే. పైగా మరీ పలచన: పీడనం భూమి మీది దానిలో ఒక్క శాతం కూడా ఉండదు. ఈ పెట్టె ఆ గాలిని లోపలికి లాగి, దుమ్మును వడగట్టి, కంప్రెసర్‌తో బిగించి, 800 డిగ్రీల సెల్సియస్ వరకు కాచిన సిరామిక్ గదుల్లోకి పంపుతుంది. అక్కడ కరెంటు తగలగానే కార్బన్ డయాక్సైడ్ నుంచి ఆక్సిజన్ విడిపోయి సిరామిక్‌ను దాటుకుని అవతలికి చేరుతుంది. మిగిలిన కార్బన్ మోనాక్సైడ్‌ను తిరిగి బయటికే వదిలేస్తుంది.

2021 ఏప్రిల్ 20న తొలి కాన్పు. గంటసేపు నడిస్తే 5.4 గ్రాములు, అంటే ఒక వ్యోమగామికి పది నిమిషాల ఊపిరి. తరవాత రాత్రీ పగలూ, అన్ని రుతువుల్లోనూ నడిపి చూశారు. జోరుమీద ఉన్నప్పుడు గంటకు 12 గ్రాములు తీసింది, 98 శాతం స్వచ్ఛతతో. మనిషికి గంటకు 35 గ్రాములు కావాలి. ఎంత కష్టపడినా మూడో వంతు మనిషినే బతికించగలదన్నమాట.

అసలు ఖర్చు ఊపిరిది కాదు, తిరుగు ప్రయాణానిది. నలుగురు వ్యోమగాములు ఒక ఏడాది అక్కడ ఉంటే పీల్చే ఆక్సిజన్ దాదాపు టన్ను. వాళ్లను అక్కడి నుంచి లేపే రాకెట్టు ఇంధనాన్ని మండించడానికి మాత్రం 25 టన్నులు కావాలి. అంతా ఈ పెట్టె ఒక్కటే తీయాలంటే, ఆపకుండా నడిచినా దాదాపు 238 ఏళ్లు పడుతుంది. ఆపకుండా నడవడం కూడా కుదరదు. రోవర్‌లోని అణు జనరేటర్ ఇచ్చేది 110 వాట్లు, ఈ పెట్టె తినేది 300. బ్యాటరీ నిండితే తప్ప దీని వంతు రాదు.

గాలి ఒక్కటే చిక్కు కాదు. నేలలో పెర్‌క్లోరేట్ అనే విషపు లవణాలున్నాయని ఫీనిక్స్ నౌక 2008లోనే పట్టుకుంది. గురుత్వాకర్షణ భూమి మీది దానిలో 38 శాతమే. రేడియేషన్‌ను ఆపే దట్టమైన వాతావరణమూ లేదు.

2023 ఆగస్టు 7న పదహారోసారి నడిచి, 9.8 గ్రాములు ఇచ్చి, ఈ పెట్టె పని ముగించింది. మొత్తం 122 గ్రాములు. అంగారకుడి మీద మనుషులు బతకగలరా అని అడిగితే ఇది చెప్పే జవాబు ఒకటే: బతకగలరు, యంత్రాలు ఆగనంత కాలం. అందుకే ఇంతకు 200 రెట్లు పెద్ద యంత్రం ముందుగా వెళ్లి, ఏడాదికి పైగా ఒంటరిగా నడిచి, ట్యాంకు నిండిందని కబురు పంపాకే భూమి నుంచి మనిషి బయలుదేరాలి.